పదో తరగతికీ పాలిటెక్నిక్‌కీ నడుమ ఒక లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. పొద్దున్నుంచీ చాలామంది తమ ఉద్యోగాల గురించి, దేశాల గురించి చెప్పారు. విని సంతోషపడ్డాను. నేను మాత్రం ఒక సబ్జెక్టు గురించి చెబుతాను. అది డిప్లొమాలో ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్. మన బడిలో చదివి పాలిటెక్నిక్‌కు పోయిన పిల్లలను ఎక్కువగా ఆపేది అదే. చివర్లో సంఘాన్ని ఒక కోరిక కోరుతాను. అందుకని కొంచెం ఓపిక పట్టండి.

మన కల్వకుర్తి ప్రాంతంలో పదో తరగతి పాసైన పేదింటి పిల్లవాడికి రెండు దారులుండేవి. ఒకటి ఇంటర్, రెండోది పాలిటెక్నిక్. మూడేళ్లలో చేతికి పని వస్తుంది, ఇంటికి ఆసరా అవుతుంది అని మా నాయిన రెండోది ఎంచుకున్నాడు. ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. పల్లికాయ బస్తాలు మోసేవాడు. 2001లో నాకు వనపర్తిలో సీటొచ్చింది. అప్పుడు మనందరిదీ మహబూబ్‌నగర్ జిల్లానే. 2016లో కదా నాగర్‌కర్నూల్, వనపర్తి వేరువేరు జిల్లాలైంది. వనపర్తి పాలిటెక్నిక్ అంటే సంస్థానం వారి రాజభవనం. హమాలీ కొడుకు రాజభవనంలో చదువుతున్నాడని మా వాడకట్టంతా చెప్పుకున్నారు.

పదో తరగతి లెక్కల్లో నాకు 71 మార్కులు. తెలివితక్కువవాణ్ణని ఎవరూ అనలేదు. కానీ పాలిటెక్నిక్‌లో మొదటి పరీక్షకు 20కి 6 వచ్చాయి. పాఠం చెప్పేవాళ్లలో లోపం లేదు. బోర్డు నిండా ఓపికగా రాసేవారు. నేనే కాదు, మా బెంచీలో తెలుగు మీడియం నుంచి వచ్చిన నలుగురమూ అదే అంకె దగ్గర ఉన్నాం.

ఎందుకలా అయిందో తర్వాత ఆలోచిస్తే రెండు కారణాలు కనిపించాయి. ఈ రెండూ చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చాను.

మొదటిది మాట. మా రోజుల్లో పదో తరగతి లెక్కల పుస్తకంలో మాత్రికలు ఉండేవి. ప్రమేయాలు, బహుపదులు, శ్రేఢులు, త్రికోణమితి అన్నీ ఉండేవి. పాలిటెక్నిక్‌లో 'మ్యాట్రిసెస్' మొదలుపెట్టినప్పుడు ఇదేదో కొత్త గండం అనుకున్నాను. వారం గడిచాక బోర్డు మీద రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు చూసి, అరే, ఇది మన మాత్రికే కదా అని తట్టింది. ఫంక్షన్ అంటే ప్రమేయం. డిఫరెన్షియేషన్ అంటే అవకలనం. ఎల్‌సీఎం అంటే మన క.సా.గు. తెలిసిన మనిషే పక్కనుంచి పోతున్నా, వేషం మారితే గుర్తుపట్టలేకపోయినట్టు అయింది. లెక్క రాక కాదు, పేరు తెలియక చాలామంది అక్కడే దిగబడిపోయారు.

తెలుగులో లెక్కలు చదివితే ఇంతే అని కొందరంటారు. వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన దాన్ని తెలుగు చేశాడు. మన సాహిత్యం భారతంతో నడక నేర్చుకుంటున్న కాలంలోనే మన భాషలో లెక్కల పుస్తకం ఉంది. కాబట్టి తెలుగు భాష గణితానికి చాలక కాదు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి పోయే చోట మెట్టు లేదు. అంతే.

రెండో కారణం భిన్నాలు. నవ్వకండి. డిప్లొమా మొదటి సంవత్సరంలో మొదట్లోనే వచ్చే పాఠం పార్షియల్ ఫ్రాక్షన్స్, అంటే పాక్షిక భిన్నాలు. అది రాకపోతే తర్వాత ఇంటిగ్రేషన్ రాదు. ఇంటిగ్రేషన్ రాకపోతే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రావు. గొలుసులో మొదటి కడియం అది.

ఆ దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మన లెక్కల సారు బస్టాండు దగ్గర కనిపించారు.

"ఏం బిడ్డా, చదువు ఎట్ల నడుస్తుంది?"

"లెక్కలు వస్తలేవు సార్. మానేసి ఐటీఐకి పోదామనుకుంటున్న."

ఆయన నన్ను తిట్టలేదు, ధైర్యం కూడా చెప్పలేదు. రేపు పొద్దున నోటు తీసుకుని ఇంటికి రమ్మన్నారు. వెళ్తే ఒకటే అడిగారు. సగంలోంచి మూడో వంతు తీస్తే ఎంత? 6 క.సా.గు. వేసి, ఆరో వంతు అని చెప్పాను. "మంచిది. ఇప్పుడు ఆరో వంతును రెండు భిన్నాల తేడాగా విడగొట్టు" అన్నారు. నేను నోరు తెరిచాను. ఆరు అంటే రెండు మూళ్లు, కాబట్టి 1/6 అంటే 1/2 - 1/3. అలాగే పన్నెండు అంటే మూడు నాలుగులు, కాబట్టి 1/12 అంటే 1/3 - 1/4. ఇరవై అంటే నాలుగు అయిదులు. ఇలా ఒక పేజీ చేయించారు. తర్వాత ఆ అంకెల స్థానంలో ఎక్స్ పెట్టారు. ఒకటి బై ఎక్స్ ఇంటూ ఎక్స్ ప్లస్ వన్ ఉంటే, అది ఒకటి బై ఎక్స్ మైనస్ ఒకటి బై ఎక్స్ ప్లస్ వన్. అదే పార్షియల్ ఫ్రాక్షన్.

అప్పుడాయన అన్న మాట ఇది: "నీకు ఇంజనీరింగ్ లెక్కలు వస్తలేవనుకుంటున్నవు. అది కాదు. నీకు భిన్నాలు కలుపుడు వచ్చు, విడదీసుడు రాదు. అంతే."

ఆ 'అంతే' అన్న మాట నా భయాన్ని కొలిచి చూపించింది. అంతకుముందు నా కష్టానికి హద్దు లేదు, మొత్తం గణితమంతా ఉండేది. ఆ పొద్దున అది ఒక పేజీకి తగ్గింది.

మైనస్ గుర్తులు కూడా అట్లనే నేర్పారు. మన పుస్తకాల్లో ఊరికే ధన సంఖ్య, రుణ సంఖ్య అనలేదు. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో సంఖ్యలకు సూత్రాలు చెప్పినప్పుడు ధనం, రుణం అనే చెప్పాడు. ఆస్తి, అప్పు. "మీ నాయినకు వెయ్యి రూపాయల అప్పున్నది. షావుకారి అందులోంచి మూడు వందల అప్పు కొట్టేసిండు. మీ నాయిన నష్టపోయిండా, లాభపడ్డడా?" అని అడిగారు సారు. అప్పును తీసేస్తే లాభమే. మైనస్ వెయ్యిలోంచి మైనస్ మూడు వందలు తీస్తే మైనస్ ఏడు వందలు. పాలమూరు బిడ్డకు అప్పు గురించి ఎవరైనా కొత్తగా చెప్పాలా? తెలిసిన దాన్నే లెక్కకు కట్టి చూపించారు.

సెలవులు అయిపోయేలోపు ఏడు రోజులు కూర్చున్నాను. వనపర్తికి తిరిగి పోయాక ఒక నోటులో మూడు గీతలు కొట్టాను. మొదటి గడిలో తెలుగు పేరు, రెండో గడిలో ఇంగ్లీషు పేరు, మూడో గడిలో ఒక చిన్న లెక్క. మా బెంచీ నలుగురమూ ఆ నోటును వంతులేసుకుని రాసుకున్నాం. ఏడాది చివర నలుగురమూ లెక్కల్లో పాసయ్యాం. నాకు గొప్ప మార్కులేమీ రాలేదు. కానీ బండి ఆగలేదు.

డిప్లొమా తర్వాత ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరాలంటే ఈసెట్ రాయాలి. అందులో 200 ప్రశ్నలు, మూడు గంటలు. అంటే ప్రశ్నకు 54 సెకన్లు. 200 మార్కుల్లో 50 గణితానివే. భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ కలిపితే 50. ఎలక్ట్రికల్ చదివినా, సివిల్ చదివినా, లెక్కలు వదిలేసి ఆ గడప దాటడం కష్టం. 2004లో నేను దాటాను. రెండో సంవత్సరంలో చేరితే అక్కడ ఇంకో చిక్కు. మొదటి సంవత్సరం గణితం మేం చదవలేదు. ఇంటర్ చదివి వచ్చినవాళ్లు చదివేశారు. వచ్చీ రాగానే సంకీర్ణ సంఖ్యలు, మైనస్ ఒకటికి వర్గమూలం. ఏ రుణ సంఖ్యా వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదని మహావీరాచార్యుడు ఏనాడో చెప్పాడు. మా ఎలక్ట్రికల్ వాళ్లు ఆ లేనిదానికే 'జె' అని పేరు పెట్టి కరెంటు లెక్కలన్నీ దానితోనే చేస్తారు. అప్పుడు మాత్రం నేను బెదరలేదు. ఈ పెద్ద కష్టంలో ఏ చిన్న పేజీ నాకు రాదో వెతుక్కోవడం తెలిసింది.

ఆ లెక్కలు బతుకులో ఎందుకు పనికొస్తాయని పిల్లలు అడుగుతారు. నేను ఎలక్ట్రికల్ పని చేసేవాణ్ణి కాబట్టి మన రైతు బోరు దగ్గరి లెక్కే చెబుతాను. అయిదు హార్స్‌పవర్ మోటారు అంటే సుమారు 3.73 కిలోవాట్లు. 415 వోల్టుల త్రీఫేజు మీద నడుస్తుంది. మోటారు సొంత నష్టాలు పక్కనపెట్టి చూస్తే, పవర్ ఫ్యాక్టర్ 0.7 ఉన్నప్పుడు అది దాదాపు 7.4 ఆంపియర్లు లాగుతుంది. సరైన కెపాసిటర్ బిగించి 0.95కు తెస్తే దాదాపు 5.5 ఆంపియర్లు చాలు. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే ఆ నష్టం ఇంచుమించు సగానికి పడిపోతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై బోర్లుంటే అది కాలుతుందా, నిలుస్తుందా అన్నది ఈ లెక్క మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే చేను ఏమవుతుందో మన ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. డబ్బు తక్కువున్న పిల్లలు అక్కడ రెండేళ్లు చదివి తర్వాత పెద్ద విశ్వవిద్యాలయానికి మారతారు. మన డిప్లొమా, ఈసెట్ లాంటి దారే. అక్కడ కూడా చాలామందికి అడ్డం పడేది తప్పనిసరి గణితమే. పునాది బలహీనంగా ఉందని పిల్లలను కింది తరగతి లెక్కలకు పంపేవారు. ఒక మెట్టు దిగితే ఇంకో మెట్టు దిగమనేవారు. అలా టర్మ్ తర్వాత టర్మ్ గడిచి, అసలు గణితం ముఖం చూడకుండానే పిల్లలు మానేసేవారు. 2017లో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. పిల్లలు ఏడాదిలోగా అసలు గణితం పూర్తి చేయగలిగేలా చూడాలి, అవసరమైన సాయం దాని పక్కనే అందించాలి అన్నది దాని సారం.

ఆ చట్టం గురించి చదివినప్పుడు నాకు మన సారు గుర్తొచ్చారు. ఆయన నన్ను ఆరో తరగతికి తిప్పి పంపలేదు. పార్షియల్ ఫ్రాక్షన్‌కు కావలసిన భిన్నం మాత్రమే తీసి ఇచ్చి, ముందుకు పంపారు.

ఇప్పుడు నా కోరిక. స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు ఆర్చి కట్టాలని సంఘం అనుకుంటోంది. నేనూ నా వంతు రాశాను, వెనక్కి తీసుకోను. కానీ ఆర్చిని కొంచెం చిన్నది చేసుకుందామని పెద్దలను వేడుకుంటున్నాను. మిగిలిన డబ్బుతో ప్రతి ఏటా పదో తరగతి పరీక్షలయ్యాక, పాలిటెక్నిక్ తరగతులు మొదలయ్యేలోపు, ఈ బడి గదుల్లోనే ముప్పై రోజుల లెక్కల తరగతి పెడదాం. పొద్దున రెండు గంటలు చాలు. మొత్తం సిలబస్ వద్దు. నాలుగే నాలుగు: భిన్నాలు విడదీయడం, గుర్తులు, సూత్రంలో ఒక అక్షరాన్ని పక్కకు తెచ్చుకోవడం, తెలుగు పేర్లకు ఇంగ్లీషు పేర్లు. మూడు గడుల నోటును అచ్చు వేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. రిటైరైన సార్లు ఇద్దరు చెబుతామని ఇప్పటికే మాటిచ్చారు.

ఆ నెలతో వదిలేయవద్దు. పిల్లలు కాలేజీకి పోయాక మొదటి పరీక్షే అసలు గండం. ఒక్కో పిల్లవాడికి, పిల్లకు మనలో ఒకరు ఫోన్లో అందుబాటులో ఉండాలి. లెక్క చెప్పలేకపోయినా ఫర్వాలేదు. 'ఎక్కడ ఆగినవు బిడ్డా' అని అడిగితే చాలు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. మగపిల్లవాడు ఒక సబ్జెక్టు తప్పితే మళ్లీ రాయమంటారు. ఆడపిల్ల తప్పితే ఇంటికి రమ్మంటారు. నా తరగతిలో నాకంటే బాగా చదివే అమ్మాయి ఒక్క లెక్కల పేపరుతో ఇంటికి వచ్చేసింది. ఆమెకు ఏ పేజీ రాలేదో చూసేందుకు పక్కన ఒక్కరూ లేకపోయారు.

ఆర్చి కింద నుంచి పిల్లలు బడిలోకి వస్తారు. మంచిదే. బడి దాటి పోయినవాళ్లు మధ్యలో తిరిగి రాకుండా చూడటం కూడా మన పనే. అవునన్నవాళ్లు బయట బల్ల దగ్గర పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్లండి. వచ్చే మే నెలకు ఇరవై మంది పెద్దలు దొరికితే మొదలుపెట్టేద్దాం.