ఉమ్మడి ప్రయోగక్షేత్రము: ప్లానెట్‌ల్యాబ్ చరిత్ర



ఎవరి స్మృత్యర్థము మనమీ సాయంకాలము సమావేశమైతిమో ఆ యాచార్యులు గ్రంథపాఠముకన్న ప్రయోగశాలయందలి పాఠమునకే యెక్కువ విలువ నిచ్చినవారగుటచే, వారి పేర జరుగు నీ యుపన్యాసమునకు ఒక ప్రయోగశాల చరిత్రనే విషయముగా గైకొంటిని. ఖండఖండాంతరములయందలి విశ్వవిద్యాలయములు తలకొన్ని యంత్రముల నొసగగా, పరిశోధకు లెందరో ఒకరికొకరు అడ్డురాకుండ ఏకకాలమున వాడుకొనిన ప్లానెట్‌ల్యాబ్ అనునదే ఆ ప్రయోగశాల.

ఇట్టిది ఏల కావలసివచ్చెనో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. 1969లో కాలిఫోర్నియాయందలి రెండు పరిశోధనాస్థానముల నడుమ తొలి సందేశమును మోసిన ఆర్పానెట్ తానే యొక ప్రయోగము. వాడుకొనువారును మార్పులు చేయువారును ఇంచుమించు ఒక్కరే యగుటచేత, 1983 జనవరి 1వ తేదీనుండి పాత నియమావళిని విడిచి అందరును టి.సి.పి./ఐ.పి.కి మారవలెనని శాసించుటయు, సణుగుకొనుచునైనను అందరును మారుటయు సాధ్యమయ్యెను. పిమ్మట వర్తకులును, బ్యాంకులును, ప్రభుత్వములును ఆ వలనుండి పెరిగిన ఇంటర్నెట్టుపై నాధారపడిన కొలది అట్టి సాహసమున కవకాశము సన్నగిల్లెను. తన రౌటరు లోపలి సూత్రమును మార్చి చూచెదమన్న ఏ యజమానియు నొప్పుకొనడు. ఒప్పుకొనకుండుట న్యాయమే, ఏలయన పరిశోధకుని పొరపాటుచే పట్టణమంతయు స్తంభించినచో సమాధానము చెప్పుకొనవలసినవాడు ఆ యజమానియే. కావున 1992లో ఎంబోన్, 1996లో సిక్స్‌బోన్ అను పేళ్లతో, ఉన్న వలపైననే మరియొక వలను అల్లి, క్రొత్త ప్రసారపద్ధతులను, ఐ.పి. ఆరవ కూర్పును పరీక్షించుకొనిరి. కాని భావమున కొక్క వల చొప్పున అల్లుట ఎందరికి శక్యము?

కంప్యూటరులో అనుకరించి చూచిన చాలదాయని యడుగవచ్చును. అనుకరణమున మన మూహించి పెట్టినదే మరల కనబడును. ఈ లోపమును కొంత తీర్చుటకు యూటా విశ్వవిద్యాలయమున జే లెప్రో తన సహచరులతో గూడి ఎమ్యులాబ్‌ను నిర్మించెను. పరిశోధకుడు తనకు వలయు వల ఆకృతిని వ్రాసి పంపినంతనే, అచ్చటి వందలాది నిజమైన యంత్రములలో కొన్ని అట్లే కలుపబడి, ఇంత యాలస్యము, ఇంత ప్యాకెట్ల నష్టము అని కోరినది కోరినట్లు కలుగజేయబడును. ఒకే ప్రయోగమును మరల మరల అదే రీతిగా నడుపుట కది మిగుల ననువైనదేగాని, లోకమునందలి నిజమైన రద్దీ అందు లేదు.

ఆ కొఱత 2002లో తీరెను. ఆ మార్చిలో ప్రిన్స్‌టన్‌కు చెందిన ల్యారీ పీటర్సన్, బర్క్‌లీకి చెందిన డేవిడ్ కల్లర్ పరిశోధకుల సమావేశ మొకటి కూర్చి, ప్లానెట్‌ల్యాబ్‌ను ప్రతిపాదించిరి. ఇంటెల్ సంస్థ తొలుత 100 యంత్రముల నిచ్చెను. ఏ విద్యాసంస్థ కనీసము రెండు యంత్రములను తన యింట నిలిపి, విద్యుత్తును ఇంటర్నెట్టును సమకూర్చెడిదో, ఆ సంస్థవారికి లోకమంతటనున్న యంత్రములపైనను హక్కు కలిగెడిది. ఆ హక్కుచే లభించు వాటాకు స్లైస్ అని పేరు. ఊరుమ్మడి చెరువు క్రింద ఎవరి మడికి వారు నీరు పెట్టుకొనునట్లు, స్లైస్ పొందినవాడు ప్రతి యంత్రమునందును తనదగు వర్చువల్ యంత్రమొకటి పొంది, దానిలో తన ప్రోగ్రామును నడుపుకొనెడివాడు. పొరుగు స్లైస్‌లు ఎన్ని నడచుచున్నను ఒకదాని ఫైళ్లు మరియొకదానికి కానవచ్చెడివి కావు. 2010 జూన్ నాటికి ఈ క్షేత్రము 507 చోట్ల 1090 యంత్రములకు పెరిగెను.

దానిపై వెలసినవానిలో కోరల్ అను సేవ యొకటి. చిన్న వెబ్‌సైటుపై ఒక్కసారిగా జనము విరుచుకొనిపడి సర్వరు కుప్పకూలు వేళ, చిరునామాలోని సైటు పేరు చివర ఒక చిన్న ముక్కను తగిలించినచాలును, ఆ పుట నకలు ప్లానెట్‌ల్యాబ్ యంత్రములనుండి వచ్చెడిది. అనగా, ప్రయోగమునకు పాత్రలైనవారు నిజమైన పాఠకులు, నిజమైన రద్దీలో.

లోకముతో వ్యవహారము గనుక లోకముతో తగవులును వచ్చెను. ఒక పరిశోధకుడు ఇంటర్నెట్టు దారులను కొలుచుటకు ప్యాకెట్లను పంపగా, ఎక్కడనో యొక సంస్థ ఫైర్‌వాల్ వానిని దాడిగా తలచెడిది. ఆ సంస్థవారు యంత్రమున్న విశ్వవిద్యాలయముపై ఫిర్యాదు చేసెడివారు. అందుకై ప్రతి యంత్రమునను వెడలిన ప్యాకెట్ల పద్దు వ్రాయబడుచుండెను. ఫిర్యాదీ ఆ యంత్రము చిరునామాను బ్రౌజరులో తెరచి వెదకినచో, ఏ స్లైస్ నుండి ప్యాకెట్లు వెడలెనో తెలిసెడిది, ఆ స్లైస్ యజమానియే జవాబు చెప్పవలసియుండెడిది. మరి లోపలివారి తగవో? సదస్సులకు పరిశోధనపత్రములు పంపు గడువు సమీపించినంతనే అందరును ఒక్కసారిగా ఎగబడుటచే యంత్రములు నత్తనడక నడచెడివి. పద్దు దొంగను పట్టగలదుగాని ఆశను పట్టజాలదు.

ప్లానెట్‌ల్యాబ్ యంత్రములు వల అంచుననే యుండెను. వల నడుమనున్న స్విచ్చులను సైతము పంచుకొనవలెనను కోరిక సహజము. 2008లో స్టాన్‌ఫర్డ్ మొదలగుచోట్లనుండి వెలువడిన ఓపెన్‌ఫ్లో పద్ధతి అందులకు దారిచూపగా, అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ పోషించిన జీనీ ప్రణాళిక దానిని పెక్కు విశ్వవిద్యాలయములకు విస్తరించెను. కాలక్రమమున అద్దె యంత్రములు క్లౌడ్ సంస్థలయొద్ద సులభముగా లభింపజొచ్చెను. 2020లో ప్లానెట్‌ల్యాబ్ కేంద్రము మూతపడెను, తరువాత జీనీయు విరమించెను. వాని పని నేడు క్లౌడ్‌ల్యాబ్, ఫ్యాబ్రిక్ అను క్షేత్రములు సాగించుచున్నవి.

ఈ చరిత్రనుండి నేను గ్రహించిన సారము చిన్నది. వేయి యంత్రములను ధనము గలవాడెవడైనను కొనవచ్చును. పంపిన ప్రతి ప్యాకెట్టునకును పేరు గల బాధ్యు నొకని నిలుపుటవలననే పరాయివారు తమ యింటి తలుపు తెరచిరి. మన తెలుగునాట వందలాది ఇంజనీరింగు కళాశాలలు కలవు. సాయంకాలము తాళము పడిన పిమ్మట వాని ప్రయోగశాలలలోని యంత్రములు ఊరకయే యుండును. ఈ సభయందలి ప్రిన్సిపాళ్లకు నా విన్నప మిది: కళాశాలకు రెండు యంత్రములు చాలును, వానికి జవాబుదారియగు అధ్యాపకు డొకడు చాలును, మొదట పది కళాశాలలు కలసి ఆరంభింపుడు.