సిబ్బంది అధికారి మేజా

కాచిగూడ నుండి ఫలక్‌నుమాకు పోవు రైలుదారిలో యాకుత్‌పుర దాటిన పిమ్మట వచ్చు చిన్న స్టేషను ఉప్పుగూడ. రైల్వే పట్టికలలో దీనిని 'హుప్పుగూడ' అని వ్రాయుదురు. ఆ హకారమును పలికినవారిని మాత్రము మేమెన్నడును వినలేదు. ఉదయపు వేళ ఇచ్చట రైలెక్కువారిలో పెక్కుమంది పనివారే. మేమును కొంతకాలము ఈ పేటలో కాపురముండి, నగరములోని ఒక కర్మాగారమున సిబ్బంది అధికారిగా పనిచేసితిమి. ఆ ఉద్యోగపు బరువును గూర్చియే నేడు మనవి చేయదలచితిమి.

ఇట్టి అధికారి యొకడు ఉండవలెనని విట్లే కమిషను 1931లో సూచించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము అయిదు వందల మంది పనివారున్న ప్రతి కర్మాగారమునకు సంక్షేమాధికారిని తప్పనిసరి చేసినది. జీతమిచ్చువాడు యజమాని, వినవలసినది కార్మికుని గోడు. ఇది ఉమ్మడి కుటుంబములో పెద్దకోడలి యుద్యోగము వంటిది. రెండు వైపులవారును నిష్ఠూరమాడుదురు.

మా మేజాపై రెండు కట్టలుండెడివి. మొదటిది చట్టపు కట్ట: హాజరుపట్టీలు, ఓవర్‌టైము రిజిస్టర్లు, ప్రావిడెంటు ఫండు లెక్కలు, ఇన్‌స్పెక్టరుకు పంపవలసిన రిటర్నులు. రెండవది మనుష్యుల కట్ట: ఫిర్యాదులు, సంజాయిషీలు, విచారణ కాగితములు. మొదటి కట్టలోని ప్రతి కాగితమునకు గడువు కలదు; గడువు దాటినచో జరిమానా కలదు. రెండవ కట్టకు ఆ రెండును లేవు. కావున అది దినదినమును అడుగునకు జారిపోవుచుండెడిది. పని యెక్కువగుటకన్న ఈ జారుటయే యెక్కువ ప్రమాదకరమని మేము ఆలస్యముగా గ్రహించితిమి.

గ్రహించిన విధమును దాచము. మా పేటవాడే యగు ఒక టర్నరు, పదునొకండు దినముల ఓవర్‌టైము తన లెక్కలో చేరలేదని ఉర్దూలో ఒక కాగితము వ్రాసియిచ్చెను. వార్షిక రిటర్ను సమయము. "చూతము" అని దానిని కట్ట క్రింద నుంచితిమి. అయిదు వారములు గడచినవి. ఒకనాడాతడు టైముకీపరుపై కేకలు వేసెను. వెంటనే సస్పెన్షను, ఛార్జిషీటు. సగము జీతము జీవనభత్యముగా వచ్చుచుండగా ఆతని భార్య మా గుమ్మము కడకు వచ్చి ఒక్కమాట యడిగెను: "భాయిసాబ్, ఆయన రాసిచ్చిన కాగితం మీ దగ్గరే ఉందంట కదా?"

ఆ సాయంత్రమే రిజిస్టర్లు తిరుగవేసితిమి. రెండు గంటల పని. పదునొకండింటిలో తొమ్మిది దినములు నిజము. ఫిర్యాదును ఆపినది మేమేయని ఫైలులో వ్రాసి మేనేజరుకు పంపితిమి. ఆయన సంతోషింపలేదు కాని, విచారణను హెచ్చరికతో ముగించి జీతమంతయు ఇప్పించెను. కేకలు వేయుట తప్పేయని కార్మికుడును ఒప్పుకొనెను.

అటుపై పద్ధతి మార్చితిమి. ఫిర్యాదులకొక పుస్తకము పెట్టి, వచ్చిన తేదీని, జవాబీయవలసిన తేదీని ఎఱ్ఱసిరాతో వ్రాసితిమి. ఉదయపు మొదటి గంట మనుష్యులకే, రిటర్నులు గుమాస్తాలకు. చిన్న తగవులను షాపులోనే తీర్చుటకు ఫోర్‌మన్లను ఒప్పించుట అన్నిటికంటె కష్టమైనది. తీర్పు చెప్పుట కంటె కాగితము పైకి పంపుట వారికి సుఖము!

గిరి గారి త్రోవయు ఇట్టిదే. 1952లో కేంద్ర కార్మికమంత్రియైన వి.వి. గిరిగారు, తగవులను ట్రిబ్యునళ్లకు ఈడ్చుటకన్న ఇరుపక్షములును కూర్చుండి తేల్చుకొనుట మేలని వాదించిరి. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చగా 1954లో పదవినే విడిచిరి.

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు ఇరువదితొమ్మిది పాత చట్టముల స్థానమున నిలిచినవి. ఇరువది మంది పనివారున్నచో ఫిర్యాదుల పరిష్కార సంఘముండవలెను. ఇరుపక్షముల సభ్యులును సమానముగా నుండవలెను. ముప్పది దినములలో విచారణ ముగియవలెను. సంక్షేమాధికారి అవసరమగు సంఖ్య కర్మాగారములలో రెండువందల యేబదికి దిగినది. ఇవి మాకు నచ్చినవి. రెండవ కట్టకును గడువు దొరకినది గదా! స్టాండింగ్ ఆర్డర్లు వర్తించు పరిమితిని నూరునుండి మూడువందలకు పెంచుట మాత్రము నచ్చలేదు. ఆ లోపలనున్న చిన్న కార్ఖానాలలోనే వ్రాతపూర్వకమైన నియమములు మిక్కిలి యవసరము.

ఆ టర్నరు తరువాత స్టేషనులో అనేక పర్యాయములు కనబడెను. సలాము చేయుచుండెను. కాగితము వ్రాసినప్పుడు మాత్రము గుమాస్తాకీయక మా చేతికే యిచ్చి, పుస్తకములో తేదీ పడువరకు అచ్చటనే నిలుచుండెడివాడు.