పొలంలో వాకీటాకీ: మీటలు, బ్యాండ్లు సరిచూసుకోవడం

మోటారు ఏటి గట్టున, పొలం కిలోమీటరు అవతల ఉన్నవారికి ఈ అవస్థ నేను వర్ణించి చెప్పనక్కరలేదు. స్టార్టరు దగ్గర ఒకరు, మడి దగ్గర ఒకరు, మధ్యన కేకలూ పరుగులూ. సెల్‌ఫోను ఉన్నది గదా అంటారు. ఉన్నది. గట్టు దిగి నాలుగడుగులు వేస్తే సిగ్నలు అందని చోట్లు కూడా ఉన్నవి. అందుకే కొందరు రైతులు వాకీటాకీలు కొంటున్నారు. మంచిదే. అయితే కొన్న సెట్టును సరిగా అమర్చుకోకపోతే ఏమవుతుందో, నిరుడు మా మండలంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

బాబాయి గట్టున స్టార్టరు దగ్గర ఉన్నాడు. అన్న కొడుకు పొలంలో ఊడిన పైపు అతుక్కి జిగురు పూసి కూర్చుతున్నాడు. "బాబాయ్, మోటారు వేయొద్దు" అన్నాడు సెట్టులో. అనడమైతే అన్నాడు గాని, మాట నోట ఉండగానే బొత్తాం మీద వేలు తీసేశాడు. అవతల వినిపించింది "మోటారు వేయ్" అని. బాబాయి వేశాడు. నీరు ఒక్క ఊపున వచ్చి అతుకు ఎగిరింది. పైపు కొస కుర్రవాడి భుజానికి తగిలి మూడు వారాలు కట్టుతో తిరిగాడు. "నేను విన్నదే చేశానండీ" అని బాబాయి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇద్దరూ సెట్టు చెడిపోయిందనుకున్నారు. నేను తిప్పి తిప్పి చూశాను. సెట్టుకు ఏ లోపమూ లేదు.

మన తెలుగులో వద్దు, లేదు, కాదు అనేవి మాటకు చివర వస్తాయి. చివర తెగితే అర్థం తలకిందులవుతుంది. కనుక సెట్టులో 'వేయొద్దు' అనే మాటే వాడకండి. 'ఆపు, ఆపు' అనండి. వెయ్యమనడానికి 'నీళ్లు వదులు' అనండి. విన్నవారు ఆ మాట తిరిగి అప్పజెప్పాలి, చెప్పినవారు 'అవును' అనాలి. అప్పుడే మోటారు వెయ్యాలి. సగం మాట వినిపించినా, ఏమీ వినిపించకపోయినా, మోటారు జోలికి పోకూడదు.

మాట్లాడే బొత్తాం నొక్కగానే మాట మొదలుపెట్టకండి. ఒక రెప్పపాటు ఆగాలి, లేకపోతే మొదటి మాట పోతుంది. మాట ముగిశాక ఇంకొక రెప్పపాటు ఆగి వేలు తియ్యాలి. బొత్తాం నొక్కి ఉన్నంతసేపూ మీకు అవతలి మాట వినపడదు. అందుచేత మీ వంతు అయిందని తెలపడానికి 'ఇక చెప్పు' అనుకోండి, చాలును. కొన్ని సెట్లలో వేలు తియ్యగానే చిన్న కూత వస్తుంది. అది వేలు తీశాడని చెబుతుంది గాని, మాట పూర్తి చేశాడని చెప్పదు.

'వాక్స్' అనే ఏర్పాటు ఒకటి ఉంటుంది. బొత్తాం నొక్కకుండానే, మాట చప్పుడుకు సెట్టు తానే పని మొదలుపెడుతుంది. వినడానికి సుఖంగా ఉన్నది గాని పొలానికి పనికిరాదు. డీజిలు ఇంజను మోతకు కూడా అది లేచి కూర్చుంటుంది, పైగా మొదటి అక్షరాలు మింగేస్తుంది. దాన్ని తీసివెయ్యండి.

ఇక బ్యాండు సంగతి. ఇక్కడే డబ్బు పోగొట్టుకునేది. 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు గల బ్యాండులో మాత్రమే పనిచేసే చిన్న శక్తి వాకీటాకీకి లైసెన్సు అక్కరలేదు. 'మాత్రమే' అన్న మాట గమనించండి. 136 నుంచి 174, 400 నుంచి 520 అని రాసి ఉండి, ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పుకోగల సెట్టును 446 మీద పెట్టుకున్నా అది ఈ మినహాయింపులోకి రాదు. ఆ విశాలమైన మేరలో పోలీసులవంటి వారి మాటలు నడుస్తుంటాయి. అందులో మనం దూరితే వారి పని చెడుతుంది, మన మీద కేసు వస్తుంది. కొనేటప్పుడు ఈటీఏ అనే ఆమోదం ఉన్నదా అని అడగండి. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఈ వివరాలు చూపించాలని 2025లో వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

అమెరికా నుంచి అల్లుడుగారు తెచ్చిన జత సెట్లు ఒక ఇంట్లో చూశాను. అవి అక్కడి 462, 467 మెగాహెర్ట్జ్ సెట్లు. అక్కడ లైసెన్సు అక్కరలేదు, ఇక్కడ ఆ సౌకర్యం లేదు. పైగా దాని ఒకటో ఛానలూ మన సెట్టు ఒకటో ఛానలూ ఒకటి కావు. ఛానలు నంబరు పేరు మాత్రమే, అసలు చూడవలసింది మెగాహెర్ట్జ్. మన 446 సెట్లలో ఒకటో ఛానలు 446.00625. అక్కడినుంచి ఒక్కొక్కటి 0.0125 చొప్పున పెరుగుతూ 8 గాని 16 గాని ఛానళ్లు ఉంటాయి.

ఛానలుతోపాటు ఒక కోడు నంబరు కూడా కనిపిస్తుంది. దీన్ని పెట్టుకుంటే మన మాట రహస్యమని కొందరి భ్రమ. అదేమీ కాదు. కోడు అంటే మాటతోపాటు పోయే సన్నని స్వరం. ఆ స్వరం లేని మాటలను మన సెట్టు మనకు వినిపించదు, అంతే. మన మాటలు మాత్రం కోడు తీసేసినవాడికి చక్కగా వినపడతాయి. రెండు సెట్లలో కోడు వేరైతే దీపం వెలుగుతుంది గాని మాట రాదు. వేరు వేరు కంపెనీల సెట్లయితే కోడు నంబరు కాక, 67.0 హెర్ట్జ్ వంటి స్వరం విలువను సరిపోల్చండి. నా సలహా అడిగితే కోడు సున్నా మీద ఉంచండి. పక్క పొలంవారు ఆ ఛానలులో మాట్లాడుకుంటుంటే తెలుస్తుంది, వేరే ఛానలుకు పోవచ్చు.

'స్క్వెల్చ్' అనేది గరగర శబ్దాన్ని అణిచే మీట. గరగర విసుగని దీన్ని పూర్తిగా పెంచేస్తారు. అప్పుడు దూరంనుంచి వచ్చే బలహీనమైన మాట కూడా అణిగిపోతుంది. ఇంట్లో కూర్చొని కాదు, మోటారు షెడ్డులో మోటారు తిరుగుతుండగా దీన్ని సరిచేయాలి. గరగర వచ్చేదాకా తగ్గించి, అది ఆగేటంతవరకే, ఒక్క మెట్టు పెంచండి. అన్నీ అయ్యాక మీటల తాళం వెయ్యడం మరవకండి. జేబులో నలిగి ఛానలు మారిపోతే, అవతలివాడు పలకలేదని ఇవతలివాడు తిట్టుకుంటూ ఉంటాడు.

అట్టపెట్టె మీద పది కిలోమీటర్లని ఉంటే నమ్మకండి. అర వాటు సెట్టు చదును పొలంలో ఒకటి రెండు కిలోమీటర్లు పలికితే గొప్ప. కొబ్బరి తోట, తడిసిన అరటి, మనిషెత్తు మొక్కజొన్న అడ్డమైతే ఇంకా తగ్గుతుంది. గట్టెక్కి, ఏరియల్ నిలువుగా ఉంచి, సెట్టును నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకొని మాట్లాడండి. ఈ బ్యాండులో అల పొడవు దాదాపు మూరన్నర. అందుచేత మాట తెగినచోట ఒకటి రెండడుగులు పక్కకు జరిగితే తరచు బాగా వినిపిస్తుంది.

ఒక్కటి మాత్రం సెట్టుకు అప్పగించకండి. మోటారు తీగలు విప్పే పని, పంపు విప్పే పని, పైపు అతికే పని ఉన్నప్పుడు, 'ఆపాను' అన్న మాట విని చెయ్యి పెట్టకూడదు. మా బాబాయీ అబ్బాయీ ఇప్పుడు చేస్తున్నదేమంటే, మెయిన్ ఆపి, మూడు ఫ్యూజు కేరియర్లూ పీకి, రిపేరు చేసేవాడే వాటిని సంచిలో వేసుకొని పొలానికి పోతున్నాడు. పని అయ్యాక ఆ మూడూ పట్టుకొని నడిచి వస్తాడు. కిలోమీటరు నడక, నిజమే.