వకీలు లేకుండ వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



వానాకాలము ఆరంభమైనదనిన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో ప్రతి గ్రామమునను పత్తి గింజల మాటయే వినవచ్చును. గింజ పెట్టిన రెండు వారములకు చేను సగము బోసిగా కనిపించినపుడు రైతు మొదట దుకాణదారుని వద్దకు పోవును. అచట పని కానిచో మీ వద్దకు వచ్చును. ఆ దినమున మీరిచ్చు సలహా సరియైనదైనచో అతని వ్యాజ్యము నిలుచును.

రైతు వినియోగదారుడు కాడనియు, విత్తనములకు వేరే చట్టమున్నదనియు ఒక వాదముండెను. జాతీయ విత్తన సంస్థకును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకును నడచిన వ్యాజ్యములో 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. రైతు కొన్న గింజలన్నియు విత్తుకొనునే గాని పరీక్ష కొరకు దాచిపెట్టడు. కనుక నమూనా చూపలేదని అతనిని తప్పు పట్టరాదని ఆ తీర్పు చెప్పినది. తన గింజ మంచిదని చూపదలచిన సంస్థయే అదే లాటు గింజలను పరీక్షకు పంపుమని కోరవచ్చును గదా!

అయితే అది ఏ లాటు? ఆ సంగతి చెప్పునవి రెండే: రశీదు, ఖాళీ సంచి. కనుక సంచిని పారవేయనీయకుడు. మన వైపు చాలమంది ఉద్దెరకు కొందురు. దుకాణదారుడు రశీదుకు బదులు ఒక చిట్టీ వ్రాసి చేతిలో పెట్టును. ఉద్దెరకు కొన్నవాడును వినియోగదారుడే. వెల ఇచ్చెదనని మాట ఇచ్చి కొన్నను చట్టము ఒప్పుకొనును. రశీదు ఇయ్యకుండుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. ఈ మాట దుకాణదారునికి మీరు గుర్తు చేసినచో తరచుగా రశీదు దొరకును.

తరువాతి పని ఆలస్యము చేయరానిది. మండల వ్యవసాయాధికారికి దరఖాస్తు రెండు ప్రతులు వ్రాయించి, ఒకటి ఇచ్చి, రెండవ దానిపై తేదీతో ముద్ర వేయించుకొనవలెను. శాస్త్రజ్ఞులచే చేను చూపింపుడని అందులోనే కోరవలెను. జగిత్యాల వద్ద పొలాసలోను, ఆదిలాబాదులోను వ్యవసాయ పరిశోధన కేంద్రములు గలవు. చేనును దున్ని మరల విత్తక మునుపే ఈ తనిఖీ జరుగవలెను. దున్నిన పిమ్మట చూచుటకు ఏమి మిగులును? వాన పడలేదని, గింజ లోతుగా పడినదని, కలుపు మందు ఎక్కువైనదని కంపెనీ వారు చెప్పుదురు. అందుచేత ఎన్ని మొక్కలు మొలిచినవో లెక్కించుటతో సరిపెట్టక, అదే వానకు అదే నేలలో వేరొక గింజ పెట్టిన పొరుగు చేను ఎట్లున్నదో కూడ నివేదికలో వ్రాయింపవలెను. వట్టి ‘పంట నష్టము’ అను రెండు మాటల ధృవపత్రము చాల బలహీనమైనది.

ఇక ఫిర్యాదు వ్రాయుటలో పాండిత్యము అక్కరలేదు. రైతు పేరు, చిరునామా, ప్రతివాదులుగా దుకాణదారుడును, గింజ తయారుచేసిన కంపెనీయు ఇద్దరును, జరిగినది తేదీల వరుసలో, చివర కోరునది. ‘తగు న్యాయము చేయుడు’ అని మాత్రము వ్రాసి ఊరకుండరాదు. గింజల వెల ఇంత, దుక్కి, ఎరువు, కూలి ఇంత, పోయిన పంట ఇంత అని విడివిడిగా చూపవలెను. పోయిన పంటకు క్రిందటేటి మార్కెటు తక్‌పట్టీలు మంచి ఆధారము. పుటలకు సంఖ్యలు వేసి, కాగితముల జాబితా పైన పెట్టి, ప్రమాణపత్రము జతపరచవలెను. ఎన్ని ప్రతులు కావలెనో కమిషను కార్యాలయములో అడిగి తెలిసికొనుడు. ప్రతివాదులలో ఒక్కొక్కరికి ఒక ప్రతి యుండవలెను.

చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. ఇచట చూచునది కోరు నష్టపరిహారమును కాదు, గింజలకు ఇచ్చిన వెలను. కావున సామాన్య రైతు ఎవరును రుసుము కట్టవలసిన పని యుండదు. కంపెనీ ఏ పట్టణమున నున్నను రైతు తాను నివసించు ప్రాంతపు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. వ్యాజ్య కారణము కలిగిన నాటి నుండి గడువు 2 సంవత్సరములు. ప్రతివాదికి జవాబిచ్చుటకు 30 దినములు, కమిషను అనుమతించినచో మరి 15 దినములు. అంతకు మించి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తేల్చినది.

వకీలు లేకుండ రైతు తానే హాజరు కావచ్చును. అయినను వకీలు కావలెననిపించినచో, స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఏర్పాటు చేయును. ఆదిలాబాద్ వైపు గోండు, కోలాము గూడెములలో ఈ సంగతి మీరు స్వయముగా పోయి చెప్పవలసి యుండును.

ఇంకొక మాట. ఫిర్యాదు సంగతి తెలియగానే దుకాణదారుడు కొంత సొమ్ముతో రాజీకి రావచ్చును. రాజీ మంచిదే. కాని ‘నాకు ఇక ఏ హక్కును లేదు’ అని వ్రాసిన కాగితముపై, అందులో నేమున్నదో ఎవరును చదివి వినిపింపక మునుపు, రైతుచే వేలిముద్ర వేయనీయకుడు. పుచ్చుకొన్న సొమ్ము గింజల వెలకా, మొత్తము నష్టమునకా అన్నది ఆ కాగితములోనే స్పష్టముగా వ్రాయించి, ఒక ప్రతి రైతు వద్ద ఉండునట్లు చూడుడు.