శేషాచలమునకు వేసవి ప్రయాణము



వేసవి సెలవులలో పట్టణములనుండి మనుమలు, మనుమరాండ్రు మన యిండ్లకు జేరుదురు. వారిని వెంటబెట్టుకొని తిరుమలకు బోవుట మనలో బెక్కుమందికి వాడుక. కాని యా కొండలను జుట్టుకొనియున్న శేషాచలారణ్యమును జూచి వచ్చువారు తక్కువ. 1989వ సంవత్సరమున నా యడవిలో కొంత భాగము శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానముగా నేర్పడినది. దాని వైశాల్యము సుమారు 353 చదరపు కిలోమీటర్లు.

ఉద్యానమను మాట విని పూలతోట యనుకొనరాదు. అచ్చట పాదులు చేయువాడు లేడు, నీరు పోయువాడు లేడు. అది మృగముల యిల్లు, మనము అతిథులము. తిథి చూడక వచ్చువాడు అతిథి యని పెద్దలు చెప్పుదురు. అడవికి మాత్రము వేళ చూచియే పోవలయును.

ఈ సంగతిని నేను గష్టపడి నేర్చుకొంటిని. కొన్నియేండ్ల క్రిందట మనుమలతో బయలుదేరునపుడు, మూడు దినములలో నైదు చోట్లు చూడవలెనని కాగితముమీద వ్రాసికొంటిని. రెండవనాటి మధ్యాహ్నము తలకోనకు బోవు దారిలో ఎనిమిదేండ్ల చిన్నవాడు ఎండకు సోలిపోయెను. మా సీసాలలోని నీరు అప్పటికే యైపోయినది. దారినిబోవు గొఱ్ఱెలకాపరి యొకడు తన నీరిచ్చి, బిడ్డను జెట్టునీడను బరుండబెట్టి, తడిగుడ్డతో నొడలు తుడిచెను. వాడు తేరుకొనువఱకు నాకు బ్రాణము లేదు. నలువదేండ్లు బడిపిల్లలను గాచిన నేను ఆనాడు తలవంచుకొంటిని.

మిగిలిన చోట్లను గొట్టివేసితిని. ఒకదినము విశ్రమించి, ఆ మరునాడు తెల్లవారగానే తలకోన చేరితిమి. 270 అడుగుల యెత్తునుండి పడు జలపాతము వేసవిలో సన్నని ధారయే. అయినను గంటసేపు కూర్చుంటిమి. రాతినెఱ్ఱెలోని చీకటిలో బంగారుబల్లి కనబడగా, చిన్నవాడు “తాతయ్యా, ఇది యెవరిది?” యనెను. “ఈ కొండదిరా” యంటిని.

కావున మూడు సంగతులు ముందే చూచుకొనుడు.

మొదటిది ఎండ. దినమునకొక చోటు చాలును. తొమ్మిదిగంటల లోపల నడక ముగించి నీడపట్టున నుండుడు. మంచినీరు, మజ్జిగ కావలసినదానికంటె నెక్కువగా దీసికొనిపొండు.

రెండవది మృగములు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత వాతబడి ఆరేండ్ల పాప మరణించినది. పిల్లల చేయి విడువకుడు. ప్రొద్దువాలిన పిమ్మట నడువకుడు. ఏ దారి యే వేళకు దెఱచియుండునో, అనుమతి కావలయునో అటవీశాఖవారిని ముందుగా నడుగుడు.

మూడవది నిప్పు. 2014 మార్చిలో నీ కొండలలో గార్చిచ్చు రేగగా, దాని నార్పుటకు వాయుసేన హెలికాప్టరులు రావలసివచ్చినది. ఎండుటాకులమీద చుట్టపీక యొక్కటి చాలును. చుట్ట కాల్చువారు దానిని ఇంటనే యుంచి రండు.

ఎఱ్ఱచందనము సహజముగా బెరుగునది యీ ప్రాంతపు కొండలలోనే. ఆ చెట్టును మనుమలకు జూపుడు, చేతితో దాకనిండు. ఒక్క పేడునైనను ఇంటికి దేవలదు. మన మనుమలు తాతలై వచ్చునాటికి నా చెట్టు అచ్చటనే యుండవలయును.

సెలవు.