పాత పైపుల వయోనిర్ణయము

తెలుగునాట పొగాకు అనగానే చుట్ట జ్ఞప్తికి వచ్చును. చుట్ట కాలి బూడిద యగును; దాని చరిత్ర దానితోనే ముగియును. పైపు అట్టిది కాదు. త్రాగినవాడు గతించిన నూరేండ్లకు కూడ అది నిలిచియుండును. ఐరోపా దేశములలోను, అమెరికాలోను పాత పైపులను సేకరించువారు అనేకులు కలరు. పొగాకు ఆరోగ్యమునకు చేయు కీడు నేడు ఎల్లరకు విదితమే. ఈ ప్రసంగము పొగ త్రాగుటను గూర్చినది కాదు. ఒక చేతిపని వస్తువు తన వయస్సును ఎట్లు తెలుపునో, ఆ సాక్ష్యమును మనమెంతవరకు నమ్మవచ్చునో విచారించుటయే దీని ఉద్దేశము.

పైపునకు ముఖ్యముగా మూడు భాగములు. పొగాకు నింపెడి భాగము గిన్నె. గిన్నె నుండి సాగివచ్చునది కాడ. పండ్ల నడుమ పట్టుకొనునది మూతి. కాడయు మూతియు కలిసెడి చోట తరచుగా ఒక వెండి పొన్ను ఉండును. ఈ భాగములన్నియు ఒకే దినమున పుట్టినవని తలపరాదు. మూతి విరిగిన క్రొత్తది వేయింతురు. కాడ పగిలిన పొన్ను తొడిగింతురు. కనుక ప్రతి భాగమును వేరు వేరుగా ప్రశ్నింపవలెను.

మొదటి ప్రశ్న, ఇది దేనితో చేసినది? ఇంగ్లండులో 16వ శతాబ్ది చివర పొగాకు వాడుకలోనికి వచ్చినప్పుడు పైపులను తెల్లని మట్టితో చేసి కాల్చెడివారు. అప్పుడు పొగాకు మిక్కిలి ప్రియమైన వస్తువు; అందుచే గిన్నెలు చాల చిన్నవి. ధర తగ్గిన కొలదిని గిన్నెలు పెద్దవైనవి. మీర్షాం అను తేలికైన తెల్లని ఖనిజము టర్కీ దేశమందలి ఎస్కిషెహిర్ ప్రాంతమున లభించును. దానిని చెక్కి చేసిన పైపులు వాడిన కొలదిని తేనెరంగునకు తిరుగును. ఆ రంగు వాడుకకు గుర్తే కాని వయస్సునకు కొలత కాదు. నేడు ఎక్కువగా కనబడు బ్రయర్ పైపులు మధ్యధరా ప్రాంతమున పెరిగెడి ఒక పొద యొక్క వేరుబుడిపెతో చేసినవి. ఫ్రాన్సులోని సెంట్ క్లోడ్ పట్టణమున ఈ పరిశ్రమ 19వ శతాబ్ది నడుమ వృద్ధిచెందినది. కావున 1800 నాటి బ్రయర్ పైపు అని ఎవరైన చూపిన సంశయింపవలెను.

మూతి విషయమును ఇట్టిదే. కొమ్ము, అంబరు పూర్వపువి. గట్టిపరచిన రబ్బరగు ఎబొనైటు 19వ శతాబ్ది ఉత్తరార్ధమున వ్యాపించినది. వెలుతురు తగిలి అది పసుపు కలిసిన ఆకుపచ్చగా మారును. బేకలైటును బేక్‌లాండు కనుగొన్నది 1907లో. బేకలైటు మూతి గల పైపు 1880 నాటిదని చెప్పిన, గిన్నె మాట ఎట్లున్నను, ఆ మూతి మాత్రము అప్పటిది కాజాలదు. ఇక్కడ ఒక నియమము తేలుచున్నది. ఒక వస్తువు ఇప్పుడున్న రూపమును పొందినది, దానిలోని మిక్కిలి క్రొత్త భాగము పుట్టిన పిమ్మటనే.

మట్టి పైపుల విషయమున పురాతత్త్వ శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఉపాయమును కనుగొన్నారు. జె. సి. హారింగ్టన్ అను అమెరికా పరిశోధకుడు వర్జీనియాలో త్రవ్వకములందు దొరికిన పైపుల కాడలలోని రంధ్రములను బరమా మొనలతో కొలిచి, 1954లో ఫలితములను ప్రకటించెను. అంగుళమును 64 భాగములు చేసిన, 1590-1620 నడుమ రంధ్రము ఎక్కువగా 9 భాగములు. 1650-1680 నడుమ 7 భాగములు. 1750-1800 నడుమ 4 భాగములు. కాడలు పొడవైన కొలదిని లోపల దూర్చెడి తీగ సన్నబడినదని దీనికి కారణము చెప్పుదురు. అయితే ఈ లెక్క ఒకచోట దొరికిన అనేక ముక్కల సరాసరికే చెల్లును. చేతనున్న ఒక్క ముక్కను కొలిచి సంవత్సరము చెప్పుట సాహసము.

ఇక వెండి పొన్ను. బ్రిటిషు వెండిపై పరీక్షాలయములు వేసెడి హాల్‌మార్కు ముద్రలు సేకర్తకు గొప్ప ఆధారము. నడచుచున్న సింహము నూటికి 92.5 పాళ్ల వెండికి గుర్తు. చిరుతపులి తల లండనునకు, లంగరు బర్మింగ్‌హామునకు, కత్తితో కూడిన మూడు గోధుమ పనలు చెస్టరునకు గుర్తులు. చెస్టరు పరీక్షాలయము 1962లో మూతపడినది. వీని ప్రక్కన ఒక అక్షరముండును. అది సంవత్సరమును తెలుపును. బర్మింగ్‌హాములో అక్షరమాల 1875, 1900, 1925, 1950 సంవత్సరములలో మరల ‘ఏ’ నుండి మొదలైనది. అక్షరమొక్కటే చూచిన పాతికేండ్ల పొరపాటు జరుగును. దాని వ్రాత తీరును, చుట్టునున్న డాలు ఆకారమును కూడ పట్టికతో సరిచూడవలెను. ఆ కాలమున అక్షరము ఏటి నడుమ మారెడిది గనుక ఒక్కొక్క అక్షరము రెండు సంవత్సరములను తాకును. అన్నిటికంటె ముఖ్యమైన మాట, ఆ తేది పొన్నుది. పగిలిన కాడకు తరువాత తొడిగిన పొన్ను గిన్నె వయస్సును చెప్పజాలదు. పొన్ను అంచున భూతద్దముతో చూచిన, దాని క్రింద దాగిన పగులు ఒక్కొక్కప్పుడు కనబడును.

ముద్రలవలె కనబడునవన్నియు హాల్‌మార్కులు కావు. డబ్లిన్ నగరపు పీటర్సన్ పైపులలో నికెల్ పొన్నులపై షామ్రాకు ఆకు, వేటకుక్క, గుండ్రని బురుజు చెక్కియుండును. ఇవి అలంకారములే; వీనినుండి సంవత్సరము రాదు. నిజమైన డబ్లిన్ వెండిపై కూర్చున్న హైబర్నియా స్త్రీమూర్తియు, కిరీటము గల వీణయు ఉండును.

అదే పీటర్సన్ పైపుల కాడపై దేశనామము మాత్రము చరిత్ర పాఠమే. 1922లో ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పడినది. ఆ పేరు కాడపై వచ్చినది. 1937 డిసెంబరులో క్రొత్త రాజ్యాంగము అమలు కాగా ఐరి అను పేరు వచ్చినది. 1949 ఏప్రిల్‌లో ఐర్లండు రిపబ్లిక్కు అయినది, ముద్రయు మారినది. ఒక జాతి తన పేరును మార్చుకొన్న ప్రతి పర్యాయమును ఒక పనివాని ఇనుప అచ్చు మారినది. అయినను రాజ్యాంగము మారిన ఉదయముననే అచ్చు మారునని అనుకొనరాదు. రిపబ్లిక్ అను మాట ఉన్న పైపు 1949కి ముందరిది కాదని మాత్రము ధైర్యముగా చెప్పవచ్చును.

లండనులోని డన్‌హిల్ పైపులకు మూతిపై తెల్లని చుక్క ప్రసిద్ధమైన గుర్తు. 1920ల ఆరంభము నుండి వీని కాడపై ఇంగ్లండ్ అను మాట చివర ఒక చిన్న అంకె వేసిరి; అది సంవత్సర సంకేతము. కాని ఒకే అంకె వేర్వేరు దశకములలో మరల మరల వచ్చినది. పేటెంటు సంఖ్య ఉన్నదా, అంకె పరిమాణమెంత, దాని క్రింద గీత ఉన్నదా, ఇవన్నియు కలిపి చూచిననే దశకము తేలును. తరువాతి కాలపు పైపులపై వలయములోనున్న అంకె గిన్నె పరిమాణమునకు చెందినది; క్రొత్తవారు దానిని సంవత్సరముగా భ్రమింతురు.

ఈ సాక్ష్యమంతయు వెండ్రుక మందము లోతున్న కొన్ని గీతలలో ఇమిడియున్నది. దానికి గొప్ప శత్రువు కాలము కాదు, మెరుగు. పాత పైపు చేతికి రాగానే యంత్రపు చక్రముపై నునుపు చేయించు వాడుక కలదు. పైపు అద్దమువలె మెరయును, ముద్ర మాయమగును. మరల ముద్ర వేసిన అది కూటసాక్ష్యమే. విరిగిన మూతిని మార్చవచ్చును, పగిలిన కాడను అతుకవచ్చును, చెరగిపోయిన ముద్రను మాత్రము ఎవరును తిరిగి తేలేరు. కనుక శుభ్రపరచుటకు ముందే ముద్రలను ఏటవాలు వెలుతురులో భూతద్దముతో చదివి, ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొని, ఫొటో తీసి ఉంచవలెను. ముద్రపై బొటనవ్రేలు కప్పి, మిగిలిన చోటనే మెత్తని గుడ్డతో తుడువవలెను.

తుదకు చెప్పవలసినది ఇది. ద్రవ్యము ఒక హద్దును, మూతి ఒక హద్దును, వెండి ఒక హద్దును, దేశనామము ఒక హద్దును గీయును. ఆ హద్దులన్నియు ఏకమైన చోట పైపు వయస్సు ఉన్నది. అవి ఏకము కానిచో ఏదియో ఒక భాగము తరువాత చేరినదని గ్రహించి, అట్లే వ్రాసికొనవలెను. 1925-1935 నడుమ అని వ్రాసిన చీటీ, ఆధారము లేక 1928 అని వ్రాసిన చీటీ కంటె విలువైనది. మొదటిదానిని తరువాతివారు సవరింపగలరు. రెండవదానిని నమ్మి మోసపోవుదురు.