గోపురమను మాట



చర్చి గోపురములకు ఇంగ్లీషులో మూడు పేర్లున్నవి. ‘స్టీపిల్’ అనగా ఎత్తైన కట్టడము. కొనదేలిన పైభాగము ‘స్పైర్’. మొదట అది గడ్డి కాడకు పేరు. ‘బెల్‌ఫ్రీ’ పాత ఫ్రెంచిలో ‘బెర్‌ఫ్రే’. కోటను ముట్టడించు కొయ్య బురుజు. అందులో గంట లేదు! తరువాత గంటలు కట్టిరి. ‘బెల్’ అను మాట తోడై ‘ర’ కాస్తా ‘ల’గా స్థిరపడినది.

మన ‘గోపురము’ సంస్కృతములో పట్టణ ద్వారము. పిదప గుడి గోపురమైనది. మెదకులో 1924లో ప్రతిష్ఠించిన చర్చికి 175 అడుగుల గంట గోపురమున్నది. అక్కడను అదే మాట.

మాట మారినందున చావదు, పలుకనందున చచ్చును. మన తాతలు నేటాలు చెరకు తోటలకు తెచ్చిన తెలుగును మన పిల్లలు వంకరగా పలికినను నవ్వవద్దు. పలుకనిద్దాము.